రామప్పను తెరపై చూపించాలా, బస్సెక్కించి చూపించాలా?

ములుగు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయిని ఒకరు తన పేరు, ఊరి పేరు ప్రచురించవద్దని కోరుతూ సుదీర్ఘమైన లేఖ రాశారు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఎక్కువ కాలం పాఠ్యపుస్తకం చదివించి, ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు రాయించి, సిలబస్ పూర్తి చేయడమే పనిగా గడిపానని ఆమె దాపరికం లేకుండా చెప్పుకున్నారు. తరగతి గదికి డిజిటల్ ప్యానెల్ వచ్చి, శిక్షణలో తెరపైనే చేసే కొన్ని అనుకరణ ప్రయోగాలు (సిమ్యులేషన్లు) చూశాక ఆమెకు పాఠం చెప్పాలన్న కోరిక మళ్లీ పుట్టింది. సొంత డబ్బు 18,000 రూపాయలు పెట్టి రెండు సెకండ్‌హ్యాండ్ ఫోన్లు, వాటిని అమర్చి కళ్లకు తగిలించుకునే రెండు వీఆర్ హెడ్‌సెట్లు, ఒక స్పీకరు కొన్నారు. పిల్లలకు సౌర కుటుంబాన్ని, సముద్ర గర్భాన్ని, రామప్ప గుడిని అన్ని దిక్కులా తిప్పి చూపించారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవని తరగతిని తన సర్వీసులో మొదటిసారి చూశానని రాశారు.

ఆ తరువాతే ఇబ్బందులు మొదలయ్యాయి. పదో తరగతిలో విద్యుత్ ప్రవాహం పాఠాన్ని పూర్తిగా వీడియోలతో చెప్పి పరీక్ష పెడితే, ఒకే వరుసలో కలిపిన రెండు బల్బుల ప్రశ్నకు 31 మందిలో 9 మందే సరైన కారణం రాశారు. సీనియర్ అయిన గణితం సారు స్టాఫ్ రూంలో అందరి ముందు “గీ సినిమాలు చూపిస్తే పదో తరగతి పాసైతరా మేడం? బస్సెక్కితే గంటల రామప్ప కనిపిస్తది, దానికి కళ్లకు డబ్బా ఎందుకు?” అన్నారు. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఒక తల్లి “బళ్లనే ఫోన్లు చూపెడితే ఇంటికాడ మేమెట్ల ఆపాలె మేడం?” అని అడిగితే జవాబు తోచలేదు. ప్రధానోపాధ్యాయుడు ఒకవైపు సిలబస్ వెనకబడిందని మందలిస్తూనే, మరోవైపు హెడ్‌సెట్లు పెట్టుకున్న పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమంటున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు హెడ్‌సెట్ తీసిన వెంటనే వాంతి చేసుకున్నాడు. ఇంటిదగ్గర చూసి రమ్మని వీడియో లింకులు పంపితే, ఫోన్ లేని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు రోజులు చూడకుండానే వచ్చి, మూడో రోజు నుంచి బడికే రావడం మానేసింది. ఇంట్లో భర్త డబ్బు దండగ చేశావంటున్నారు. “ఇదంతా మూట కట్టి బీరువాలో పెట్టేసి మళ్లీ పాత టీచర్‌ను అయిపోవాలా, లేక ఎవరేమన్నా కొనసాగించాలా?” అన్నది ఆమె ప్రశ్న.

టీచర్ గారికి నమస్కారం. మీ లేఖలో ఎక్కువ భాగం గణితం సారు మాటలకూ, ఆ మాటలు మీకు కలిగించిన బాధకూ పోయింది. ఆ అమ్మాయి గురించి మాత్రం రెండు వాక్యాలే రాశారు. నేను ఆమెతోనే మొదలుపెడతాను. తక్కినవి నెల ఆగినా నష్టం లేదు, తొమ్మిదో తరగతిలో బడి మానిన ఆడపిల్ల విషయం అలా ఆగదు.

ఆమె రాకపోవడానికి మీ లింకులే కారణమని మీరు నిర్ధారించుకున్నట్టు ఉంది. అది నిజం కావచ్చు, ఇంట్లో మరేదైనా జరిగి ఉండవచ్చు. ముందు వెళ్లి కనుక్కోండి, అయితే తరగతి లీడర్‌ను పంపకండి, మీరే వెళ్లండి. వెళ్లినప్పుడు ఫోన్ సంగతి మీరుగా ఎత్తవద్దు, లేనిదాన్ని మరోసారి గుర్తు చేసినట్టవుతుంది. పాఠం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి, రేపటి ప్రయోగానికి మనిషి కావాలని పిలిస్తే చాలు. ఇక ఇంటిపనిగా వీడియోలు ఇవ్వడం గురించి మీ ముందు రెండు మార్గాలున్నాయి. పూర్తిగా మానేయడం ఒకటి. అలా చేస్తే పిల్లలందరూ సమానంగా ఉంటారు, మీకు పీరియడ్‌లో సమయం మాత్రం తగ్గుతుంది. రెండోది, చూడవలసిందేదైనా బడిలోనే, మధ్యాహ్న భోజనం తరువాత పదిహేను నిమిషాలు ప్యానెల్ మీద వేసి, ఇంటికి కేవలం ప్రశ్న పంపడం. దీనికి మీ విరామ సమయం ఖర్చవుతుంది, వారానికి రెండు రోజులకు మించి మీవల్ల కాదు. ఇంట్లో ఫోన్ ఉన్నా అది తండ్రితో పాటు పొలానికో, హైదరాబాదులో పనికో వెళ్లిపోయే కుటుంబాలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. అందువల్ల “ఎంతమంది ఇంట్లో ఫోన్ ఉంది” అని చేతులెత్తించి లెక్కపెట్టినా అసలు సంగతి తేలదు. ఆ లెక్కింపు తరగతిలో చేయనే వద్దు.

వాంతి చేసుకున్న పిల్లవాడి విషయం. హెడ్‌సెట్‌లో కన్ను “మనం కదులుతున్నాం” అని చెబుతుంది, లోపలి చెవిలో శరీర సమతుల్యతను కనిపెట్టే భాగం “కూర్చునే ఉన్నాం” అని చెబుతుంది. ఈ రెండింటికీ పొసగకపోవడం వల్లే తల తిరుగుతుంది. మేడారం జాతర బస్సులో వెనక సీట్లో ఫోన్ చూస్తూ కూర్చున్నవాడికి ఇదే తిరగబడి జరుగుతుంది: కన్ను కదలడం లేదంటుంది, చెవి ఊగుతున్నామంటుంది. ఇది పిల్లవాడి బలహీనత కాదు, ఈ మాట అతనికీ అతన్ని చూసి నవ్విన వారికీ చెప్పడం అవసరం. చాలా హెడ్‌సెట్ల మీద 10 ఏళ్లు అనో 13 ఏళ్లు అనో కనీస వయసు రాసి ఉంటుంది, ఎనిమిదో తరగతిలో కొందరు ఆ గీత దగ్గరే ఉంటారు. మీరు కొనసాగించదలిస్తే పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మూడు నిమిషాలకు మించకుండా, కెమెరా ముందుకు దూసుకుపోయే దృశ్యాలు కాక ఒకచోట నిలబడి చుట్టూ చూసే దృశ్యాలే చూపించండి. ఫిట్స్ వచ్చే పిల్లలున్నారేమో తల్లిదండ్రులను ముందే అడగండి. ఒకరు పెట్టుకున్నది మరొకరికి ఇచ్చే ముందు తుడవండి. నా అభిప్రాయం అడిగితే, మీ ప్యానెల్ మీద అదే దృశ్యాన్ని వేలితో తిప్పుతూ అందరికీ ఒకేసారి చూపిస్తే హెడ్‌సెట్ ఇచ్చే దానిలో ముప్పాతిక భాగం దొరుకుతుంది. పైగా “ఆగు, ఆ మూల చూద్దాం” అని తరగతి అంతా మాట్లాడుకునే వీలుంటుంది. హెడ్‌సెట్‌లో ఉన్నవాడు ఒంటరి, అతను చూస్తున్నది మీకు కనిపించదు. ఇద్దరు చూస్తుంటే తక్కినవారు తమ వంతు కోసం ఎదురుచూడటంతోనే మీ పీరియడ్ అయిపోతోందని మీరే రాశారు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. తరగతి అంతా కళ్లార్పకుండా చూసింది, అయినా 22 మంది కారణం రాయలేకపోయారు, ఎందుకు? మీరు జతచేసిన పాఠ్య ప్రణాళికలో నాకు కనిపించింది ఇది. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇరవై ఆరు నిమిషాలు మూడు వీడియోలు నడిచాయి, ఆ తరువాత మీరు సారాంశం చెప్పారు, పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఇందులో పిల్లవాడు ఏదీ ఊహించలేదు, ఏ మాటా అనలేదు, ఎక్కడా తప్పు చేయలేదు. పాత పద్ధతిలో మీరు చదివిస్తే అతను విన్నాడు, కొత్త పద్ధతిలో తెర మాట్లాడితే చూశాడు. అతని పని మారలేదు. గణితం సారు సినిమా అన్నది దీన్నే అయితే ఆ మాటలో కొంత నిజముందని నేను ఒప్పుకుంటాను, దాన్ని అందరి ముందు అన్న తీరు మాత్రం తప్పు.

ఆ రెండు బల్బుల ప్రశ్ననే చూడండి. ఒకే రకం బల్బులు రెండు ఒకే వరుసలో కలిపితే రెండోది మసకగా వెలుగుతుందని, ఎందుకంటే మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుందని మీ పిల్లలు రాశారు. ఇది మీ బడి పిల్లల తెలివితక్కువతనం కాదు, ప్రపంచమంతటా పిల్లలు ఇలాగే అనుకుంటారు. ఇంట్లో “కరెంటు కాలుతోంది”, “కరెంటు ఎక్కువ తాగుతోంది” అనే మాటలు వింటూ పెరిగినవారు అలా అనుకోవడంలో వింతేముంది? తీగలో ఏం జరుగుతోందో కంటికి కనపడదు. అనుకరణ ప్రయోగం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ అనుకరణలు ఉచితం. వాటిలో కొన్ని తెలుగులో ఉన్నాయి. చాలావాటిని ముందుగానే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, మీరు రాసినట్టు మధ్యాహ్నం రెండింటికి నెట్ పోయినా పాఠం ఆగదు. అందులోని విద్యుత్ వలయాల అనుకరణలో చిన్న చిన్న నీలి గుండ్లలా ఎలక్ట్రాన్లు తీగ వెంట కదులుతూ కనిపిస్తాయి. బల్బుకు ముందు ఎంత వేగంతో ఉన్నాయో బల్బు దాటాక కూడా అంతే వేగంతో ఉంటాయి. కరెంటు అరిగిపోతుందన్న ఊహను ఈ ఒక్క దృశ్యం కదిలించినంతగా నా పదేళ్ల ఉపన్యాసాలు కదిలించలేదు.

అదే విశ్వవిద్యాలయంలో జరిగి 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం మీకు తెలిస్తే గణితం సారుతో మాట్లాడేటప్పుడు ఉపయోగపడుతుంది. కొందరు విద్యార్థులు నిజమైన తీగలు, బల్బులతో, మరికొందరు ఈ అనుకరణతో వలయాలు కట్టి నేర్చుకున్నారు. తరువాత పరీక్షిస్తే అనుకరణతో నేర్చుకున్నవారే భావనల ప్రశ్నలకు మెరుగ్గా జవాబు చెప్పారు, నిజమైన తీగలతో వలయం కట్టడంలోనూ ముందున్నారు. అయితే ఇందులో గమనించవలసిన మాట ఒకటుంది. వాళ్లు అనుకరణను చూస్తూ కూర్చోలేదు, తమ చేతులతో కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. మీ తరగతిలో ప్యానెల్ ముందు నిలబడింది మీరొక్కరే.

కాబట్టి ఆ పాఠం మళ్లీ చెప్పే వీలుంటే ఇలా ప్రయత్నించవచ్చు. ప్యానెల్ ఆన్ చేయకముందే బల్లమీద రెండు బల్బులు, ఒక బ్యాటరీ పెట్టి “ఏది ఎక్కువ వెలుగుతుంది?” అని అడగండి. ప్రతి ఒక్కరూ తమ ఊహను, కారణంతో సహా, నోట్సులో ఒక్క వాక్యంలో రాయాలి, పెన్సిల్‌తో కాదు, చెరిపేయడానికి వీల్లేకుండా పెన్నుతో. తరువాత స్విచ్ వేయండి. రెండూ ఒకేలా వెలిగినప్పుడు తరగతిలో వచ్చే గోలను రెండు నిమిషాలు ఆపకండి. అప్పుడు ప్యానెల్ ఆన్ చేసి, ఒక పిల్లను ముందుకు పిలిచి అదే వలయాన్ని తెరపై కట్టించి, తీగ లోపల ఏం జరుగుతోందో చూపించండి. చివర తాము మొదట రాసిన వాక్యం కింద ఇప్పుడు ఏమనుకుంటున్నారో రాయించండి. తెర మీద గడిపిన సమయం ఎనిమిది నిమిషాలకు మించదు. ఇంగ్లిషు వ్యాఖ్యానంతో వచ్చే వీడియో ఏదైనా వాడవలసి వస్తే దాని గొంతు నొక్కేసి మీ మాటల్లో మీరే చెప్పండి. మీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉన్నా, ఆశ్చర్యపోయిన పిల్లవాడు ప్రశ్న అడిగేది తెలుగులోనే.

దీన్నిబట్టి ఏ పాఠానికి తెర కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది మీరే తేల్చుకోగలరు. పాఠం తెరిచిన ప్రతిసారీ “ఇందులో పిల్లల కంటికి అందనిది ఏది?” అని అడగండి. పరమాణు నిర్మాణం అందదు. ఆమ్లాలు, క్షారాలు అందుతాయి: మందార పూల రసం, పసుపు కాగితం, నిమ్మకాయ, సున్నపు తేట ఉంటే చాలు, వాటికి వీడియో పెడితే పిల్లలు పుల్లని వాసనను, వేళ్లకంటిన రంగును పోగొట్టుకుంటారు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను తనంతట తాను గీతలుగా సర్దుకోవడాన్ని చేతితో తట్టి చూడాల్సిందే. నక్షత్రాల పాఠానికి స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పగటిపూట తరగతి గదిలోనే మీ ఊరి ఆకాశాన్ని చూపిస్తుంది. అయితే డిసెంబరు సాయంత్రం పెద్దవాళ్లు పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపును ఆ తెరపై గుర్తుపట్టిన పిల్లలకు “రాత్రి వాకిట్లో నిలబడి ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలిగారో రేపు చెప్పండి” అని పని ఇవ్వండి. ఆ ఇంటిపనికి ఫోన్ అక్కర్లేదు, నాయనమ్మ ఉంటే ఇంకా మంచిది.

రామప్ప సంగతిలో గణితం సారు మాటను నేను సగం ఒప్పుకుంటాను. గంట దూరంలో ఉన్న గుడిని తెరపై చూపించి సరిపెట్టడం నాకూ నచ్చదు. క్రీ.శ. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఆ గుడిని, మన పిల్లలు ఎర్రటి ఇసుకరాయి మీద ఎండ పడుతుండగా చూడాలి. నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) నునుపును దగ్గర నిలబడి కళ్లారా చూడాలి. కానీ బస్సెక్కి వెళ్లినా కనపడనిది అక్కడ కూడా ఉంది. గుడి పునాది కింద గొయ్యి తవ్వి ఇసుక మిశ్రమంతో నింపిన పొర ఉంది. నేల కంపిస్తే ఆ పొర అదురును కొంత తనలో ఇముడ్చుకుంటుందని చెబుతారు. శిఖరానికి వాడినవి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు. పునాదినీ, ఇటుక లోపలి సందులనూ ఏ సందర్శకుడూ చూడలేడు. మీరు తెరమీద చూపించాల్సింది వాటిని. తొమ్మిదో తరగతిలో ‘తేలియాడే వస్తువులు’ పాఠం ఉండనే ఉంది. ఒక మామూలు ఇటుకను కిరాణా కొట్టు తక్కెడలో తూచి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి సాంద్రత కట్టించండి. ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కంటే చాలా ఎక్కువ వస్తుంది. మరి రామప్ప ఇటుక తేలాలంటే ఆ అంకె ఎంతలోపు ఉండాలో, అలాంటి ఇటుక చేయాలంటే మట్టిలో ఏం కలిపి కాల్చాలో ఊహించి రాయమనండి. అప్పుడు బస్సు ఎక్కించండి. ఈ పిల్లలు గుడిలో సెల్ఫీలకన్నా ముందు తల పైకెత్తి శిఖరం చూస్తారు.

పొడవు, వెడల్పు కొలిచి ఘనపరిమాణం కట్టించడం గణితం సారు పని కూడా. ఆయనను ఒప్పించడానికి వాదన పెట్టుకోవచ్చు, అది స్టాఫ్ రూంలో మరో పంచాయితీ అవుతుంది. మాట్లాడకుండా మీ పని మీరు చేసుకోవచ్చు, అప్పుడు పని జరుగుతుంది, మనసులో ముల్లు ఉంటుంది. లేదా ఆ రెండు పీరియడ్లకు ఆయన సాయం అడగవచ్చు. కాదంటే పోయేది లేదు, ఔనంటే సిలబస్‌లో ఒక గంట ఇద్దరికీ కలిసొస్తుంది. బడిలోకి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా ఇలాంటి అనుమానం రావడం సహజం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు దేశంలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో మన తెలుగు పల్లెలు కూడా ఉన్నాయి. టీవీ పాఠం చెబితే టీచర్ ఏం చేయాలన్న ప్రశ్నకు దాదాపు యాభై ఏళ్లు. దాన్ని అడిగేవారు శత్రువులు కారు. నేను ఉద్యోగంలో చేరిన బడిలో సైన్స్ కిట్టు, పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో, నాలుగేళ్లు బీరువాలోనే ఉంది. తాళం చెవి అడగడానికి నేనూ వెనకాడాను. ఆ నాలుగేళ్ల పిల్లల ముందు నేను ఇప్పటికీ బాకీ ఉన్నాను. అందుకే మూట కట్టి పెట్టేయాలా అని మీరు అడిగితే వద్దని చెప్పడానికే నా మనసు మొగ్గుతుంది. అయినా పరీక్షలు ముగిసేదాకా పదో తరగతికి తెరను పాఠానికి ఒక్క భావన వరకే పరిమితం చేసి, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో స్వేచ్ఛగా ప్రయత్నించడం కూడా గౌరవమైన నిర్ణయమే. ఇప్పుడు చేస్తున్నట్టే యథాతథంగా కొనసాగిస్తే మాత్రం పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మీ చేతిలో సమాధానం ఉండదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు మాటల్లో చెప్పడం కష్టం, చూపించడం తేలిక. తరువాతి కమిటీ సమావేశం రోజున తల్లులను ఒక పీరియడ్ వెనక బల్లమీద కూర్చోబెట్టండి. ఫోన్ మీ చేతిలోనే ఉందని, పిల్లవాడి చేతిలో పెన్ను ఉందని వాళ్లే చూస్తారు. ఇంట్లో ఫోన్ ఎంతసేపు ఇవ్వాలన్న విషయంలో ఆమె ఆందోళన న్యాయమైనది, దాన్ని కొట్టిపారేయకండి. మీ బడి నుంచి ఇంటికి ఏ వీడియో పనీ రాదని నిర్ణయించుకుంటే ఆ మాటే ఆమెకు ఇవ్వండి. ప్రధానోపాధ్యాయుడు అడిగే ఫొటోల విషయంలో, హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లల ముఖాలకు బదులు వాళ్లు ముందొకటి, తరువాతొకటి రాసిన ఆ రెండు వాక్యాల నోట్సు పేజీలను, పేర్లు కనపడకుండా, ఫొటో తీసి పంపండి. సిలబస్ వెనకబడిందన్న మందలింపుకు కూడా అవే సాక్ష్యం అవుతాయి. ఆయన అంగీకరించకపోతే ఫొటోలు పంపడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని మర్యాదగా చెప్పవచ్చు. అది కొంత అసంతృప్తి కలిగించినా మీరు నిలబడదగిన చోటే.

ఇక డబ్బు సంగతి. మీ భర్త మాటలో కోపమే కాదు, లెక్క కూడా ఉంది. ఆ 18,000 తిరిగి రావు, అవి దండగ అని కూడా నేను అనను, ఎందుకంటే వాటితోనే మీరు మళ్లీ పాఠం చెప్పడం మొదలుపెట్టారు. వచ్చే నెల మూడో హెడ్‌సెట్ కొనాలనుకుంటున్నానని రాశారు. దాన్ని ఆపండి. అంతగా కొనాలనిపిస్తే హనుమకొండలో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరికే చిన్న బల్బులు, హోల్డర్లు, తీగ చుట్ట, పెన్సిల్ బ్యాటరీలు, నలుగురికి ఒక జత చొప్పున 31 మందికి ఎనిమిది జతలు కొనండి. అప్పుడు బల్లమీద వలయం కట్టేది మీరొక్కరే కారు.